డిగ్రీ కోర్సుల్లో మార్పులకు విశ్వవిద్యాలయ ఆమోదం: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లోని డిగ్రీ, ఇంజినీరింగ్ కళాశాలల అధ్యాపకులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. అనుబంధ కళాశాలలో చాలాకాలం పాఠం చెప్పి, కొన్ని విడతలు పాఠ్యప్రణాళిక మండలిలో సభ్యుడిగా కూర్చున్నవాణ్ని కాబట్టి, నిబంధన చెప్పే మాట పక్కనే అది అమలులో ఎలా ఉంటుందో కూడా అక్కడక్కడ రాశాను.

ఇప్పటికే నడుస్తున్న కోర్సులో మార్పు అంటే ఏమేమి వస్తాయి?

ఒక యూనిట్‌లో పాఠ్యాంశం మార్చడం, పాఠ్యపుస్తకాల జాబితా సవరించడం, ఒక పేపరు తీసి మరొకటి పెట్టడం, ఇంటర్నల్స్‌కూ సెమిస్టర్ పరీక్షకూ మధ్య మార్కుల పంపకం మార్చడం, క్రెడిట్లు (పేపరుకు బోధన గంటలను బట్టి ఇచ్చే పాయింట్లు) పెంచడం లేదా తగ్గించడం, ప్రవేశ అర్హత సవరించడం, బ్రాంచి లేదా డిగ్రీ పేరు మార్చడం, సీట్ల సంఖ్య మార్చడం, చివరికి కోర్సును మూసివేయడం కూడా దీని కిందికే వస్తాయి. కొత్త కోర్సు పెట్టడానికి వేరే దరఖాస్తు, వేరే తనిఖీ ఉంటాయి. నడుస్తున్న కోర్సుకు ఆ తంతు అక్కరలేదు. అయితే అందులో అప్పటికే పిల్లలు చదువుతూ ఉంటారు కాబట్టి, మార్పు ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్న చిక్కు దీనితోనే పుడుతుంది. నా అనుభవంలో వివాదాలన్నీ ఆ ఒక్క ప్రశ్న దగ్గరే మొదలయ్యాయి.

ఆమోదం ఎవరెవరు ఇవ్వాలి?

మన ప్రాంతంలోని అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయం 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం కింద నడుస్తాయి. ఆ చట్టం ప్రకారం చదువుకు సంబంధించిన నిర్ణయం మొదట పాఠ్యప్రణాళిక మండలిలో, అంటే అందరూ బీవోఎస్ అని పిలిచే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పుడుతుంది. అక్కడి నుంచి డీన్ ద్వారా అకడమిక్ సెనేట్‌కు లేదా దాని స్థాయీ సంఘానికి వెళుతుంది. డబ్బు, పోస్టులు, కొత్త ల్యాబు వంటి ఖర్చు ముడిపడి ఉంటే పాలకమండలికి కూడా వెళ్లాలి. సిలబస్‌ను పాలకమండలి మళ్లీ చదవదు, చదవవలసిన అవసరమూ లేదు. ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందని మాత్రం తప్పకుండా అడుగుతుంది.

జేఎన్‌టీయూ అనంతపురం 2008లో ప్రత్యేక చట్టంతో ఏర్పడింది. అక్కడ అధికార సంఘాల పేర్లు కొంత వేరుగా ఉన్నా, సబ్జెక్టు నిపుణుల మండలి మొదట చూసి, విద్యా వ్యవహారాల ఉన్నత సంఘం తరువాత ఆమోదించే వరుస మాత్రం మారదు.

చిన్న మార్పు, పెద్ద మార్పు అని దేన్నిబట్టి తేలుస్తారు?

కాగితం మీద ఎన్ని పంక్తులు మారాయన్నది లెక్క కాదు, ఆ మార్పు ఎంతమంది పనిని కదిలిస్తుందన్నది లెక్క. ఒక ఉదాహరణ తీసుకుందాం. భూగర్భశాస్త్రం చెప్పే ఒక లెక్చరర్‌కు, బెరైటీస్ గురించి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేకన్నా పిల్లల్ని మంగంపేట గని దగ్గరకు తీసుకువెళ్లి చూపించడం మేలనిపించింది. యూనిట్‌లో ఒక క్షేత్రపర్యటన చేర్చి, దాన్ని ఇప్పటికే ఉన్న ప్రాక్టికల్ గంటల్లోనే సర్దితే అది చిన్న మార్పు. బీవోఎస్ తీర్మానం, పై సంఘానికి నివేదన సరిపోతాయి. అదే పేపరులో ఒక థియరీ క్రెడిట్ తీసేసి ప్రాక్టికల్ క్రెడిట్‌గా మారిస్తే, మొత్తం క్రెడిట్లు అంతే ఉన్నా మార్పు పెద్దదవుతుంది. ఎందుకంటే యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2022లో ఇచ్చిన క్రెడిట్ చట్రం ప్రకారం ఒక థియరీ క్రెడిట్‌కు సెమిస్టర్‌లో 15 గంటల బోధన, ఒక ప్రాక్టికల్ క్రెడిట్‌కు 30 గంటల పని ఉండాలి. ఆ ఒక్క అంకె మారేసరికి టైంటేబుల్‌లో గంటలు రెట్టింపవుతాయి, ల్యాబు బ్యాచ్‌లు పెరుగుతాయి, ప్రాక్టికల్ పరీక్షకు బయటి ఎగ్జామినర్ రావాలి, మార్కుల మెమో నమూనా మారాలి. ఇది సెనేట్ దాకా పోక తప్పదు.

డిగ్రీకి కావలసిన మొత్తం క్రెడిట్లు, కోర్సు కాలం, ప్రవేశ అర్హత, పాస్ మార్కు, డిగ్రీ పేరు, వీటిలో ఏది మారినా దాన్ని చిన్న మార్పుగా చూపించే ప్రయత్నం చేయకండి. అదే చట్రం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు అని చెబుతోంది. ఒక పేపరు తీసేసే ఉత్సాహంలో మొత్తం ఆ గీత కిందికి జారితే ఫైలు వెనక్కి వస్తుంది.

ప్రతిపాదన ఎవరు పెట్టవచ్చు? అందులో ఏం రాయాలి?

అనుబంధ కళాశాలలో పాఠం చెప్పే ఏ లెక్చరరైనా విభాగాధిపతి, ప్రిన్సిపాల్ ద్వారా బీవోఎస్ ఛైర్మన్‌కు పంపవచ్చు. విద్యార్థుల అభిప్రాయ పత్రాలు, పరిశ్రమల సూచనలు, కళాశాలల నాణ్యతకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం పరిశీలనలు కూడా ప్రతిపాదనకు మొదలు కావచ్చు.

రాసే పద్ధతికి వస్తే, అజెండా నోట్‌లో ఎడమ గడిలో ఇప్పుడున్న పాఠ్యాంశం, కుడి గడిలో ప్రతిపాదించిన పాఠ్యాంశం, మూడో గడిలో కారణం ఉండాలి. ఆ మూడో గడిలోనే చాలా ప్రతిపాదనలు దెబ్బతింటాయి. «విద్యార్థులకు ఉపయోగకరం» అని రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ పట్టించుకోరు కూడా. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది, అక్కడ ఇన్వర్టర్ల నిర్వహణ పనికి కావలసిన ప్రాథమిక జ్ఞానం భౌతికశాస్త్రం నాలుగో సెమిస్టర్‌లో ఫలానా యూనిట్‌కు సహజంగా అతుకుతుంది, దానికోసం ఫలానా అంశాన్ని తీసేస్తున్నాం, ఆ తీసేసిన అంశం ఐదో సెమిస్టర్‌లో ఎలాగూ వస్తుంది అని రాస్తే సభ్యులు పేజీ తిప్పకుండా చదువుతారు. చేర్చేదాని గురించి ఒక వాక్యం రాస్తే, తీసేసేదాని గురించి రెండు వాక్యాలు రాయండి. దానితో పాటు సవరించిన పూర్తి సిలబస్, మాదిరి ప్రశ్నపత్రం, పుస్తకాల జాబితా, ఏ విద్యాసంవత్సరంలో చేరినవారి నుంచి అమలు అన్న వాక్యం జతచేయాలి.

బీవోఎస్ సమావేశంలో నిజంగా ఏం జరుగుతుంది?

పైకి సిలబస్ చర్చ జరుగుతుంది, లోపల చాలాసార్లు వర్క్‌లోడ్ చర్చ జరుగుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ 14 గంటలు ప్రత్యక్ష బోధన ఉండాలి. ఒక పేపరు పోతే ఏదో ఒక కళాశాలలో ఎవరో ఒకరి గంటలు ఆ లెక్కకు తగ్గుతాయి. అతిథి అధ్యాపకులకైతే అది ఉద్యోగమే పోయినట్టు. అందుకే «ఈ అంశం చాలా ప్రాథమికమైనది, తీయకూడదు» అనే వాదన వినిపించినప్పుడు, అది నూటికి నూరుపాళ్లు పాండిత్యం నుంచి వచ్చిందా అని ఆలోచించడం తప్పు కాదు. అలాగని ఆ భయాన్ని తేలిక చేయడమూ న్యాయం కాదు, అది బతుకుతెరువు మాట.

చర్చ ముగిశాక తీర్మానం రాస్తారు. బయటి నిపుణుడి సంతకం సవరించిన సిలబస్ ప్రతి పేజీ మీదా ఉండేలా చూసుకోవాలి. చివరి పేజీ మీద మాత్రమే సంతకాలు పెట్టించి, తరువాత మధ్యలో ఒక పేజీ మార్చారన్న అనుమానం వస్తే జవాబు చెప్పుకోవడం కష్టం.

మాది అటానమస్ కళాశాల. మేము విశ్వవిద్యాలయానికి వెళ్లాలా?

సిలబస్ వరకు వెళ్లనక్కర్లేదు. అటానమస్ కళాశాలకు సొంత బీవోఎస్, సొంత అకడమిక్ కౌన్సిల్, సొంత పాలకవర్గం ఉంటాయి. అయితే బీవోఎస్‌లో ఉపకులపతి నామినీ, వేరే విశ్వవిద్యాలయాల నుంచి సబ్జెక్టు నిపుణులు, పరిశ్రమ ప్రతినిధి, ఒక పూర్వ విద్యార్థి ఉండాలి. అకడమిక్ కౌన్సిల్‌లో విశ్వవిద్యాలయ ప్రతినిధులు కూర్చుంటారు. వీరు లేకుండా జరిపిన సమావేశపు తీర్మానానికి బలం ఉండదు. డిగ్రీ పట్టా మాత్రం మాతృ విశ్వవిద్యాలయమే ఇస్తుంది కాబట్టి, మారిన పథకాన్ని అక్కడికి పంపి రికార్డు చేయించాలి. ఈ చివరి పనిని మరిచిపోయి, మూడేళ్ల తరువాత పట్టాలకు పేర్లు పంపినప్పుడు గుర్తు చేసుకున్న కళాశాలలు నాకు తెలుసు.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి పాత్ర ఎంతవరకు?

1988 చట్టంతో ఏర్పడిన ఉన్నత విద్యామండలి రాష్ట్రమంతటికీ డిగ్రీ చట్రాన్ని రూపొందిస్తుంది, విశ్వవిద్యాలయాలు దాన్ని తమ సంఘాల ద్వారా స్వీకరిస్తాయి. 2020–21లో సామాజిక సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్పులు డిగ్రీలోకి వచ్చింది ఆ దారినే. 2023–24లో మూడు సబ్జెక్టుల కలయిక పోయి ఒకే మేజర్, దానికి తోడు మైనర్ అనే పద్ధతి వచ్చిందీ ఆ దారినే. తరతరాలుగా ఎంపీసీ, బీజడ్‌సీ అని పిలుచుకున్న బీఎస్సీ, ఒక్క విద్యాసంవత్సరం తేడాతో రూపం మార్చుకుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే కళాశాలలో బీఎస్సీ చేసి, అన్న మూడు సబ్జెక్టులతో, తమ్ముడు ఒకే మేజర్‌తో బయటికి వచ్చిన ఇళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి.

ఇలా పైనుంచి వచ్చే మార్పు విషయంలో స్థానిక బీవోఎస్‌కు చట్రాన్ని తిరగరాసే అధికారం లేదు. చట్రం లోపల పాఠ్యాంశాల ఎంపిక, ప్రాజెక్టుల స్వభావం, ఐచ్ఛిక పేపర్లు మాత్రం దాని చేతిలో ఉంటాయి. ఆ చోటును కూడా వాడుకోకుండా వచ్చిన కాగితాన్ని వచ్చినట్టే ఆమోదించి, తరువాత «అంతా విజయవాడ నుంచే వస్తుంది» అనడం నాకు నచ్చని అలవాటు.

ఇంజినీరింగ్, ఫార్మసీ, బీఈడీ, న్యాయవిద్య కోర్సులకు అదనంగా ఏమి కావాలి?

బీటెక్‌లో పాఠ్యాంశాలు విశ్వవిద్యాలయం లేదా అటానమస్ కళాశాల చేతిలో ఉంటాయి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అంటే ఏఐసీటీఈ, ఇచ్చే నమూనా పాఠ్యప్రణాళిక మార్గదర్శకం మాత్రమే. సీట్లు పెంచడం, బ్రాంచి పేరు మార్చడం, బ్రాంచి మూయడం మాత్రం ఏఐసీటీఈ అనుమతి లేకుండా కుదరవు. అవి ఆ మండలి ఇచ్చే అనుమతి పొడిగింపులో ప్రతిఫలించాలి. ఆ తరువాత విశ్వవిద్యాలయ అనుబంధం, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ జాబితాలో ఆ బ్రాంచి నమోదు జరగాలి. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా సీటు కనిపించదు.

బీఫార్మసీ సిలబస్‌ను భారత ఫార్మసీ మండలి దేశమంతటికీ నిర్ణయించింది కాబట్టి అక్కడ విశ్వవిద్యాలయానికి మిగిలేది చాలా తక్కువ. బీఈడీకి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి), న్యాయవిద్యకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు చూడాలి.

డిగ్రీ పేరు మార్చుకోవచ్చా?

యూజీసీ చట్టం 22వ సెక్షన్ కింద ప్రకటించిన పేర్లలో ఉన్నదానికి మారవచ్చు. 2014లో విడుదలైన ఆ జాబితాలో డిగ్రీ పేరు, సంక్షిప్త రూపం, కనీస కాలం, ప్రవేశ అర్హత ఉన్నాయి. జాబితాలో లేని పేరు కావాలంటే ముందుగా యూజీసీని ఆశ్రయించాలి. ఆకర్షణ కోసం బ్రోచర్ మీద ఒక పేరు, పట్టా మీద మరో పేరు ఉండటం మంచిది కాదు. ఉద్యోగ నియామకాల్లో పట్టా మీద ఉన్న పేరునే చూస్తారు, అక్కడ తేడా వస్తే ఆఫీసుల చుట్టూ తిరిగేది విద్యార్థే.

ఎంత కాలం పడుతుంది?

ఇంత అని చట్టంలో గడువు లేదు. జూన్, జూలైలలో చేరే బ్యాచ్‌కు అమలు కావాలంటే అంతకు ముందటి ఆగస్టులోనే విభాగంలో పని మొదలుపెట్టమని నేను చెబుతాను. సంక్రాంతి లోపల బీవోఎస్ పూర్తయితే, వేసవి సెలవులకు ముందు సెనేట్ లేదా స్థాయీ సంఘం చూసే అవకాశం ఉంటుంది. ఆ సమావేశానికి తేదీ కుదరకపోతే ఉపకులపతి ముందుగా ఆమోదించి, తరువాతి సమావేశంలో ర్యాటిఫై చేయించే పద్ధతి ఉంది. అది అత్యవసరానికి పెట్టిన దారి. ఏటా అదే దారిన పోతే సెనేట్ సభ్యులు నిలదీస్తారు, నిలదీయాలి కూడా.

నేను రెండో సంవత్సరంలో ఉన్నాను. మార్పు నాకు వర్తిస్తుందా?

మామూలుగా వర్తించదు. మీరు చేరిన సంవత్సరంలో అమలులో ఉన్న రెగ్యులేషనే, అంటే సిలబస్, పరీక్షల నియమావళే, మీరు పట్టా తీసుకునేదాకా మీకు వర్తిస్తుంది. జేఎన్‌టీయూ అనంతపురం పరిధిలో చదివేవారికి ఇది బాగా తెలుసు. 2020–21లో చేరినవారు ఆర్20 కింద, 2023–24లో చేరినవారు ఆర్23 కింద చదివారు. ఒకే భవనంలో, ఒకే కారిడార్‌లో రెండు రెగ్యులేషన్ల తరగతులు పక్కపక్కనే జరుగుతాయి.

చిక్కు వచ్చేది హాజరు తగ్గి లేదా క్రెడిట్లు చాలక డిటెయిన్ అయినవారికి, అంటే పై తరగతికి వెళ్లకుండా ఆగిపోయినవారికి. వారు తిరిగి చేరేసరికి కింది బ్యాచ్ కొత్త రెగ్యులేషన్‌లో ఉంటుంది. పాత పద్ధతిలో మూడో సెమిస్టర్‌లో చదివేసిన పేపరు కొత్త పద్ధతిలో నాలుగో సెమిస్టర్‌లో మళ్లీ ఎదురవుతుంది, అసలు చదవని పేపరు రెండో సెమిస్టర్‌లోనే అయిపోయి ఉంటుంది. అలాంటివారికి ప్రత్యామ్నాయ పేపర్లు, సమాన పేపర్లు చూపే పట్టిక తయారుచేసి, ఎవరు ఏ పేపరు రాయాలో ఒక్కొక్కరికీ విడిగా నిర్ణయించాలి. మార్పును ఆమోదించే రోజునే ఈ పట్టిక కూడా ఆమోదం పొందాలి. దాన్ని తరువాత చూద్దామని వదిలేస్తే, ఆ «తరువాత» అన్నది పరీక్ష ఫీజు కట్టే ఆఖరి రోజున, ప్రిన్సిపాల్ గది ముందు విద్యార్థి నిలబడినప్పుడు వస్తుంది.

పాత సిలబస్ బ్యాక్‌లాగ్‌లు ఉన్నవారికి పాత సిలబస్‌తోనే సప్లిమెంటరీ పరీక్షలు కొంతకాలం జరుపుతారు. ఎన్నిసార్లు జరుపుతారన్నది మార్పు ఉత్తర్వులోనే రాసి ఉండాలి. లేకపోతే వెంటనే లిఖితపూర్వకంగా అడగండి.

మార్పుతో పాటు ఫీజు కూడా పెంచవచ్చా?

పాఠ్యప్రణాళిక తీర్మానంతో ఫీజు మారదు. ప్రైవేటు కళాశాలల ఫీజులు రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫారసుపై ప్రభుత్వ ఉత్తర్వుతోనే నిర్ణయమవుతాయి.

విద్యార్థులు తక్కువగా ఉన్నారని కోర్సు మూసేస్తామంటున్నారు. మా సంగతేమిటి?

కొత్త ప్రవేశాలను ఆపవచ్చు, చేరినవారిని మధ్యలో వదిలేయకూడదు. చివరి బ్యాచ్ పూర్తయ్యేదాకా బోధన, పరీక్షలు నడపాలి, లేదా ప్రభుత్వం, విశ్వవిద్యాలయం అంగీకరించిన పద్ధతిలో దగ్గరి కళాశాలలో సర్దాలి. సాంకేతిక కోర్సుల మూసివేతకు ఏఐసీటీఈ అనుమతితో పాటు విశ్వవిద్యాలయం, రాష్ట్ర ప్రభుత్వం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి.

మా కళాశాల వేరే విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళితే సిలబస్ మారుతుందా?

కొత్తగా చేరేవారికి మారుతుంది. మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. అనంతపురం ప్రభుత్వ కళాశాల 1916లో దత్తమండలాల కళాశాలగా మద్రాసు విశ్వవిద్యాలయం నీడలో మొదలైంది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు అనంతపురం పీజీ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది, కడప పీజీ కేంద్రం 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు కర్నూలు పీజీ కేంద్రం 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయమైంది. ఒకే కళాశాలలో చదివిన తాత, తండ్రి, మనవడు మూడు విశ్వవిద్యాలయాల పట్టాలు చూపించగలిగే కుటుంబాలు ఇక్కడ ఉండటానికి కారణం అదే.

మార్పు నిజంగా ఆమోదం పొందిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

తరగతిలో చెప్పారన్నది ఆధారం కాదు. మూడు కాగితాలు చూడండి: బీవోఎస్ మినిట్స్, పై సంఘం ఆమోదించిన తీర్మానం, రిజిస్ట్రార్ లేదా విద్యా విభాగం జారీచేసిన ఉత్తర్వు. ఉత్తర్వులో ఏ బ్యాచ్ నుంచి అన్న వాక్యం తప్పక ఉండాలి. కళాశాలలో చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నేను నాలుగో కాగితం కూడా అడుగుతాను. అది పరీక్షల విభాగానికి వెళ్లిన ప్రతి. దీనికి కారణం ఉంది. నేను పనిచేసిన ఒక చోట ఒక పేపరులో నాలుగో యూనిట్ మొత్తం మారింది. ఆమోదాలన్నీ సక్రమంగా వచ్చాయి, అధ్యాపకులు కొత్త యూనిట్ చెప్పారు, పిల్లలు చదివారు. పేపరు కోడ్ మాత్రం పాతదే ఉంచారు. ప్రశ్నపత్రం తయారుచేసే బయటి అధ్యాపకుడికి ఆ కోడ్ కింద బీరువాలో ఉన్న పాత సిలబస్ జిరాక్స్ తీసి పంపారు. పరీక్ష రోజున నాలుగో యూనిట్ ప్రశ్న చూసి హాలంతా ఒక్కసారి తలలెత్తింది. ఎవరి తప్పూ పెద్దది కాదు, కోడ్ చివర ఒక అక్షరం చేర్చి ఉంటే సరిపోయేది. అప్పటి నుంచి పాఠ్యాంశం మారిన ప్రతి పేపరుకూ కొత్త కోడ్ ఇవ్వాలని నేను కూర్చున్న ప్రతి బీవోఎస్‌లోనూ పట్టుబట్టాను.

మాకూ అలాగే పాత సిలబస్ ప్రశ్నపత్రం వస్తే ఏం చేయాలి?

హాలు వదిలి బయటికి రాకండి. రాయగలిగినవన్నీ రాయండి, సిలబస్‌లో లేని ప్రశ్నకు కూడా దాని సంఖ్య వేసి తోచినంత రాయండి. ప్రయత్నించినవారికే మార్కులు కలపాలని నిపుణుల సంఘం నిర్ణయిస్తే ఆ సంఖ్యే మీకు ఆధారం. పరీక్ష జరుగుతుండగానే చీఫ్ సూపరింటెండెంట్‌కు చెప్పి, ఆయన ఆరోజే పరీక్షల నియంత్రణాధికారికి తెలియజేసేలా చూడండి. సాయంత్రం లోపల ప్రిన్సిపాల్ ద్వారా లిఖితపూర్వక ఫిర్యాదు పంపండి. దానికి ప్రశ్నపత్రం, ఆమోదించిన కొత్త సిలబస్ పేజీ, అమలు ఉత్తర్వు జతచేసి, ఏ ప్రశ్న ఏ యూనిట్‌కు చెందనిదో సంఖ్యతో సహా రాయండి. పది మంది పది రకాలుగా రాసేకన్నా, తరగతి అంతా ఒకే కాగితం మీద హాల్‌టికెట్ నంబర్లతో సంతకాలు పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు దగ్గర ఉంచుకోవాలి.